అన్నీ మూసేసే మా బావ

మా బావ పోయాడని మా అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆయన మీద కోపంతోనే ఉన్నాను. ఇప్పటికీ ఉన్నాను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని అక్క పెద్దకార్యం నాటినుంచి నాకు నూరిపోస్తోంది. మాట్లాడతాను. ముందు నిజం చెప్పేసి, ఆ తర్వాత మంచి ఏమైనా మిగిలితే అదీ చెప్తాను.

వానలు పట్టిన రోజులు. పొద్దున్నే గుండె రుద్దుకుంటూ లేచాడట. "గ్యాసే" అని తీర్పు కూడా తనే చెప్పేసి, గజపతినగరం బస్టాండు దగ్గర గోలీసోడా తాగి వచ్చి మంచమెక్కాడు. ఆస్పత్రికి పోదామని అక్క బతిమాలితే "నీకేటి తెలుసే, పడుకుంటే తగ్గిపోతాది" అన్నాడు. దుప్పటి మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగాడు. మధ్యాహ్నం భోజనానికి లేపబోతే లేవలేదు. మా అక్క ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఒంట్లో ఏముందో ఆయన నోటితో ఒక్కసారి కూడా వినలేదు. చివరికి కూడా వినలేదు.

నేను వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టారు. అందరూ మొహం చూసి ఏడుస్తున్నారు. నా చూపు మాత్రం చేతి మీదికి పోయింది. కుడిచేతి బొటనవేలు నల్లగా ఉంది. కొసన చర్మం బొబ్బెక్కి పగిలి, దాని మీద మా కొట్లో సరుకు మీద పోసే జిగురులాంటి నల్ల రెసిన్ అంటుకుని ఎండిపోయింది. స్నానం చేయించినవాళ్ళు కిరసనాయిలు గుడ్డతో తోమి చూశారట, పోలేదట. చివరిరోజున కూడా చేతులు శుభ్రంగా కడుక్కోలేదు ఈ మనిషి అనుకున్నాను. ఏడుపు కంటే ముందు నాకు వచ్చింది ఆ మాటే.

పెద్దకార్యం రోజు మా వీధి వర్తకులు ఫ్లెక్సీ కట్టించారు. అందులో మా బావ నవ్వుతున్నాడు. ఆయన నవ్విన ఫొటో వీళ్ళకి ఎక్కడ దొరికిందా అని చాలాసేపు ఆలోచించాను. ఎవరిదో పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించారట. పక్కవాడి చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉండిపోయింది. ఎరువుల కొట్టు షావుకారు మైకు పట్టుకుని "మృదుస్వభావి, మితభాషి, అజాతశత్రువు" అన్నాడు. భోజనాల బల్ల మీద గ్లాసులు సర్దుతున్నదాన్ని, చేతిలో గ్లాసు ఠంగున పెట్టాను. ఇదే షావుకారుతో మురుక్కాలువ విషయంలో మా బావ ఏళ్ళతరబడి మాట్లాడలేదు. మృదుస్వభావట! ఆయనకి శత్రువులే లేకపోతే మరి నేనెవర్ని?

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. అదృష్టవంతులు. ఆయనది మోటారు వైండింగ్ కొట్టు. మా చుట్టుపక్కల రైతుల నీళ్ళ మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే వచ్చేవి. నేను విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, కొన్నాళ్ళు విశాఖలో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులు కట్టి, పెళ్ళయి పిల్లలు పుట్టాక ఇటు వచ్చేశాను. ఇంట్లో కూర్చోలేక, మీ కొట్లో ఒక మూల నాకొక బల్ల వేసుకోనివ్వమని అడిగాను. ఇచ్చాడు. ఏ మూల? మోటార్లు కాల్చే ఓవెన్ పక్కన. ఎండాకాలంలో అక్కడ కూర్చుంటే మనిషి కూడా కాలుతుంది. పోనీ ఫేన్ వేసుకుందామంటే "ఏయకే, దుమ్ము లేస్తాది" అని కట్టేసేవాడు. నేను వేస్తాను, ఆయన కట్టేస్తాడు. ఇన్నేళ్ళ మా భాగస్వామ్యాన్ని ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెప్తాను.

మేం చేసే వస్తువు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మా తగువు మీకు అర్థం కాదు. కోడిగుడ్లు పొదిగించే పెట్టెల్లో పెట్టే వేడి చూసే బోర్డులు మావి. గుడ్డు పొదగాలంటే వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలబడాలి. రెండు మూడు డిగ్రీలు పెరిగి అలాగే ఉండిపోతే లోపల పిల్ల ఉడికిపోతుంది. తగ్గితే నీరసపడి పెంకు పగలగొట్టుకోలేదు. అందుకని పెట్టె మధ్యలో మా బోర్డు వేలాడుతూ, తన మీదున్న మినపగింజంత సెన్సార్‌తో గాలి వేడి చూస్తూ, బల్బుల్ని ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటుంది.

ఇంతవరకూ సుఖమే. కానీ ఆ పెట్టెలో ఎప్పుడూ తేమ ఉంటుంది. పురుగు చేరకుండా గుడ్లకి మందు పొగ వేస్తారు. ఊరు సముద్రం పక్కనైతే గాలిలోనే ఉప్పు. ఇవన్నీ కలిసి బోర్డు మీది రాగి గీతల్ని పచ్చగా మార్చి తినేస్తాయి. అది జరక్కుండా బోర్డుని అచ్చులో పెట్టి నల్లటి రెసిన్ పోస్తాం. గడ్డకట్టాక సబ్బుబిళ్ళలాంటి దిమ్మ అవుతుంది. బావిలో పడేసినా దానికేం కాదు. చిక్కేమిటంటే సెన్సార్ కూడా దాని కింద కప్పబడిపోతుంది. ఇక అది గాలి వేడి చూడదు, దిమ్మ వేడి చూస్తుంది. గాలి వేడెక్కిన చాలాసేపటికి గాని దిమ్మ వేడెక్కదు. గాలి చల్లబడినా దిమ్మ అంత తొందరగా చల్లబడదు. దానికితోడు బోర్డు మీద కరెంటును తగ్గించి ఇచ్చే ముక్క ఒకటి ఉంటుంది, అది తనంతట తనే వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం ఇదివరకు గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు రెసిన్‌లో పాకి సెన్సార్‌ని చేరుతుంది. పోనీ సెన్సార్‌ని సన్నటి తీగ చివర కట్టి బయటికి తీద్దామా అంటే ఎలకలు కొరుకుతాయి, తీగ దూరిన చోటునించే ఉప్పు లోపలికి పోతుంది. కప్పితే తప్పు చెప్తుంది, వదిలేస్తే చచ్చిపోతుంది. దీన్ని పట్టుకునే మేమిద్దరం ఇన్నాళ్ళూ కొట్టుకున్నాం.

కప్పాలని ఆయన. వదలాలని నేను.

ఆయన నమ్మకం వైండింగ్‌లోంచి వచ్చింది. తీగ చుట్టిన మోటారుని వార్నిష్‌లో ముంచి ఓవెన్లో కాలుస్తారు. ఎక్కడ కాస్త వార్నిష్ అంటకపోయినా అక్కడే తడి చేరి మళ్ళీ కాలిపోతుంది. కాబట్టి లోకంలో ఏ వస్తువునైనా కప్పెయ్యడమే దానికి చేసే ఉపకారం అని ఆయన లెక్క. "మూసీ, పీడా పోతాది" అనేది ఆయన ఊతపదం. బోర్డుకి అదే మాట, మా అక్క దిగులుకి అదే మాట, షావుకారు మురుక్కాలువకి కూడా అదే మాట. సెన్సార్‌కి గాలి తగలాలి బావా అంటే ఒంటికాలి మీద లేచేవాడు.

"గాలి తగలాలేటి? అది మనిషేటే, ఊపిరాడక సచ్చిపోడానికి?"

"మనిషైతే నీకాడ ఎప్పుడో సచ్చేది" అనేదాన్ని.

ఆయన పని చూడ్డానికి మాత్రం బాగుండేది. ఇది మంచి కింద రాసుకోండి. అచ్చులకి ఆముదం పూసేటప్పుడు పసిపిల్లకి ఒళ్ళు రుద్దినంత నెమ్మదిగా రుద్దేవాడు. రెసిన్‌లో గట్టిపడే మందు కలిపి, బుడగ లేవకుండా సన్నటి ధారగా ఒక మూలనుంచి పోసేవాడు. అది చిక్కబడుతున్నప్పుడు, వైర్లు బయటికి వచ్చే మూల దగ్గర బొటనవేలితో తాకి చూసేవాడు, ఆరిందా లేదా అని. ఆ వేలిముద్ర దిమ్మ మీద శాశ్వతంగా ఉండిపోయేది. సరుకు అందమంతా పాడుచేస్తున్నావని నేను గోలపెట్టేదాన్ని. కొన్నవాళ్ళు అది మా కంపెనీ గుర్తనుకునేవారు. అది విన్నాక ఇంకా గట్టిగా నొక్కడం మొదలెట్టాడు, నన్ను ఏడిపించడానికే.

ఇంకొకటి కూడా మంచి కిందే రాయాలి. ఒకసారి బొబ్బిలి వైపునుంచి ఒక కోళ్ళఫారం ఆయన వచ్చాడు. బోర్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆడమనిషి కట్టినదా? ఎన్నాళ్ళుంటాది?" అన్నాడు. మా బావ ఆయన చేతిలోంచి బోర్డు లాక్కున్నాడు. "మా మరదలు తప్పు సేస్తే నాను తిడతాను. రోజూ తిడతన్నాను. నువ్వెవుడివి మజ్జిన? ఎలిపో" అన్నాడు. ఆ ఆర్డరు పోయింది. ఆయన వెళ్ళగానే నావైపు తిరిగి, అంతసేపూ ఆపుకున్నట్టు, "ఆ నాలుగో బోర్డు టంకం ఏటలగ పెట్టినావు, పిట్ట రెట్టేసినట్టు?" అన్నాడు. థాంక్స్ చెబుదామని తెరిచిన నోరు తిట్టడానికి వాడుకోవలసి వచ్చింది.

ఇక అసలు విషయం. శ్రీకూర్మం దాటి సముద్రం దగ్గర ఒక ఊళ్ళో నాటుకోడి పిల్లలు పొదిగించి అమ్ముకునే ఒకావిడ ఉంది. నాకంటే కొంచెం పెద్దది. నన్ను సెల్లీ అంటుంది. మా దగ్గర మొదటిసారి బోర్డులు తీసుకున్నప్పుడు తొందరగా కావాలంది. మా బావకి తొందర అంటే ఒక్కటే మందు తెలుసు, ఓవెన్. దిమ్మలు త్వరగా గట్టిపడతాయని మోటార్ల పక్కన పెట్టి వేడిచేశాడు. బయటికి తీశాక అరచేత్తో పట్టుకుని చూసి, "సల్లారిపోనాయే, సూసుకో" అని నా బల్ల మీద పెట్టాడు. నేను దిమ్మ వైర్ల కొసన ఉండే అంకెల డబ్బా మీద మర తిప్పి, గది వేడికి సరిపోయేలా అంకె సరిచేశాను. దిమ్మ పైన చల్లగానే ఉంది. లోపల ఇంకా వెచ్చగా ఉంది. సెన్సార్ ఆ వెచ్చదనాన్నే చెప్తోంటే మేం అది తప్పనుకుని అంకె కిందికి దించాం. ఆ తర్వాత దిమ్మ నిజంగా చల్లారింది. అప్పట్నించి పెట్టెలో ఎంత వేడున్నా తక్కువే చూపించింది. తక్కువుంది కదా అని బల్బులు వెలుగుతూనే ఉన్నాయి.

ఆవిడ గుడ్ల బుట్ట పట్టుకుని బస్సెక్కి వచ్చింది. మా కొట్టు మెట్టు మీద కూర్చుని ఒక గుడ్డు పగలగొట్టింది. లోపల పిల్ల ఈకలతో సహా తయారైపోయి ఉంది. చచ్చిపోయి ఉంది. ఇంకొకటి పగలగొట్టబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. తిడితే బాగుండేది. తిట్టలేదు. కొంగుతో మెట్టు తుడిచింది.

ఆవిడ వెళ్ళాక మేం మొదలెట్టాం. చల్లారిందని చెప్పింది నువ్వే అని నేను. ధర్మామీటరు నీ సేతిలోనే ఉన్నాది కదే అని ఆయన. ఓవెన్లో పెట్టమని ఎవరు చెప్పారని నేను. మర నాను తిప్పినానేటి అని ఆయన. ఈ తగువులో ఎవరు గెలిచారని అడక్కండి. ఆయన ఉన్నంతకాలం నేను ఒప్పుకోలేదు. పోయాడని ఇప్పుడు ఒప్పుకోవడం నాకు చేతకాదు.

రెండోసారి నా మాట నెగ్గింది. సెన్సార్ చుట్టూ చిన్న సైకిల్ వాల్వు ట్యూబు ముక్క నిలబెట్టి, దాని బయటే రెసిన్ పోయించాను. సెన్సార్ కన్నంలోంచి గాలిని చూస్తోంది. అంకె చక్కగా వచ్చింది. ఎంత చక్కగా అంటే, పరీక్ష పెట్టెలో గాజు ధర్మామీటరుతో సమానంగా కదిలింది. ఆ రోజు కొట్లో నేను పాట పాడుకున్నాను. మా బావ మొహం మాడ్చుకుని, "సముద్రం పక్కనెట్టే దానికి కన్నవెట్టి పంపతన్నావు. కళ్ళు తెరిసి పడుకున్నట్టుంటాది" అన్నాడు. మొదట్లో పిల్లలు బాగానే దిగాయి. ఆ తర్వాత వానాకాలంలో సెన్సార్ కాళ్ళు పచ్చటి పొడి కట్టి తెగిపోయాయి. బల్బులు ఆరిపోయాయి. ఈసారి గుడ్లు చల్లబడి చచ్చిపోయాయి.

ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ దిమ్మని కేరీబ్యాగులోంచి తీసి మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది.

"మీ ఇద్దరి దెబ్బలాటలో నా గుడ్లు పోతన్నాయి" అంది. "మా ఆయన సెన్నై పనికి ఎలిపోదామంటన్నాడు. నాను ఎల్లనంటన్నాను. ఒక్కపాలి ఏస్తాను సెల్లీ. ఈపాలి పిల్లలు దిగితే ఉంటాను. నేపోతే పెట్టి అమ్మీసి రైలెక్కీడమే. మీరు కూడబలుక్కుని సెయ్యండి."

కూడబలుక్కోవడం! ఆవిడ బస్సు కదలకముందే మా బావ, "ఈపాలి మొత్తం మూసీస్తాను. నీ కన్నాలూ కిటికీలూ ఏటీ నేవు" అన్నాడు. నువ్వు మూస్తే అది మళ్ళీ ఆలస్యంగా చూస్తుంది, గుడ్లు వేడికి ఉడికి చల్లదనానికి బిగిసి చస్తాయన్నాను. తెరిస్తే ఉప్పు తింటాది అన్నాడు. అయితే నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, ఆవిడ రైలెక్కితే టికెట్టు నువ్వే కొనిపెట్టు అన్నాను. ఆయన చేతిలో ఆముదం డబ్బా బల్ల మీద కొట్టాడు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోలేదంటే మాటల్లేవని కాదు. గోడకి చెప్పేవాడు. "ఎవులైనా ఉంటే సెప్పండి, ఆ సోల్డరింగ్ రాడ్డు ఆర్పమని." నేను ఓవెన్‌కి చెప్పేదాన్ని. అక్క ఇద్దరికీ కేరియర్లు పంపేది, చెరో గోడవైపూ తిరిగి తినేవాళ్ళం. నేను బోర్డులు కట్టి, ఏమీ అనకుండా ఆయన బల్ల మీద పెట్టేశాను. సామాన్లకని విజయనగరం వెళ్ళిన రోజున ఆయన రెసిన్ పోశాడు. అచ్చుల మీద గోనెసంచి కప్పేసి ఉంది. తీసి చూడలేదు. చూస్తే మాట్లాడవలసి వస్తుందని చూడలేదు. ఆ తర్వాతే ముసురు పట్టడం, గోలీసోడా, అక్క ఫోను.

పెద్దకార్యం అయ్యాక శ్రీకూర్మం ఆవిడ ఫోన్ చేసింది. "గుడ్లు ఏరతన్నాను సెల్లీ. బోర్డులు ఆరినాయేటి?" అంది. మా బావ పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. చెప్తే ఆవిడ అప్పుడే రైలు టికెట్టు గురించి ఆలోచిస్తుందేమోనని భయం. ఆరాయి, పంపుతాను అన్నాను.

కొట్టు తెరిచాను. తేమ వాసన, ఆముదం వాసన. ఆయన కూర్చునే స్టూలు, అదొక పాత మోటారు డొక్కు, దాని మీద ఆయన తువ్వాలు. తువ్వాలు తీసి అవతల పడేశాను, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాను. గోనెసంచి లాగి దిమ్మలు అచ్చుల్లోంచి తట్టాను. మూసేశాడు. అన్నీ మూసేశాడు. ఒక్కదానికి కన్నం లేదు. అన్నంత పనీ చేసి, సమాధానం చెప్పకుండా పోయాడు. ఒళ్ళు మండిపోయింది. ఫ్లెక్సీలో నవ్వు గుర్తొచ్చింది. సుత్తి తీసుకున్నాను, ఇవన్నీ పగలగొట్టి, ఉన్న కొద్దిరోజుల్లో మళ్ళీ కడదామని. ఒక దిమ్మ తిరగేసి బల్ల మీద పెట్టేసరికి వేలికి గుంట తగిలింది.

వైర్ల మూల ఆయన తాకి చూసే వేలిముద్ర లేదు. దిమ్మ మధ్యలో, కొంచెం పక్కగా, లోతుగా ఒక గుంట ఉంది. ఆరిందో లేదో చూడ్డానికి తాకితే పైన ముద్ర పడుతుందంతే. ఇది ముద్ర కాదు. రెసిన్ చిక్కబడే వేళ వేలు పెట్టి, గట్టిపడేదాకా అక్కడే పట్టుకుని ఉంటే తప్ప అంత లోతు రాదు. రెసిన్ గట్టిపడేటప్పుడు సెగలు కక్కుతుంది, చేతికి అంటితే చర్మంతో పాటే వస్తుంది. నేను మిగతా దిమ్మలన్నీ తిరగేశాను. అన్నిటికీ ఉంది. రెసిన్ పొయ్యకుండా మిగిలిన నా బోర్డు ఒకటి పక్కన పెట్టి చూశాను. గుంట సరిగ్గా సెన్సార్ మీద ఉంది.

మూశాడు. కానీ సెన్సార్ మీద గోటి మందమంత మాత్రమే ఉంచాడు. ఉప్పుకి దారి లేదు. గాలి వేడికి దారి ఉంది.

సుత్తి కింద పెట్టి ఆయన స్టూలు మీద కూర్చున్నాను. చాప మీద ఆ నల్లటి బొటనవేలు కళ్ళముందుకొచ్చింది. చేతులు కడుక్కోలేదని నేను అనుకున్న వేలు. అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. ఒక్క మాట చెప్తే పోయేది కదా! గోడకి చెప్పినా వినేదాన్ని కదా! సెగలో వేలు పెట్టి కాల్చుకోవడం చేతనైంది గాని, "ఇలగ సేసినానే, సూడు" అనడం చేతకాలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. వార్నిష్ కంపు కొట్టింది.

అయినా ఆయన్ని నమ్మలేదు. ఈసారి అరచేత్తో చూడ్డాలూ, సల్లారిపోనాయనడాలూ లేవు. దిమ్మల్ని బల్ల మీదే వదిలేసి, మర్నాడు వచ్చి పరీక్ష పెట్టెలో గాజు ధర్మామీటరు పక్కన వేలాడదీశాను. బల్బు వెలగగానే ధర్మామీటరు కదిలింది. దాని వెనకే, కొంచెం బద్ధకంగా, మా అంకె కదిలింది. కన్నం పెట్టిన దానంత చురుకు కాదు. కానీ గుడ్డుకి సరిపోతుంది. అంకె అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది, ఆ కరెంటు తగ్గించే ముక్క వెచ్చదనం. ఎంతసేపు ఉంచినా అదే అర డిగ్రీ, అటూ ఇటూ ఊగడం లేదు. ఊగే తప్పుతో వేగలేం గాని నిలకడగా ఉండే తప్పుని ఒక మర తిప్పి సరిచేయొచ్చు. సరిచేశాను. "అర డిగ్రీ తప్పు వచ్చింది బావా" అని పైకే అన్నాను. ఇన్నేళ్ళలో ఆ కొట్లో నా మాటకి ఎదురు రాకపోవడం అదే మొదటిసారి.

దిమ్మలు శ్రీకాకుళం బస్సులో పంపాను. ఆవిడ గుడ్లు పెట్టింది. ఆ రోజుల్లో నేను సరిగ్గా అన్నం తిన్నది లేదు. ఫోను మోగితే సోల్డరింగ్ రాడ్డు పక్కన పడేసి ఎత్తేదాన్ని. చివరికి ఆవిడ ఫోను వచ్చింది. ముందు ఆవిడ గొంతు కాదు, పిల్లల గోల వినిపించింది. ఫోను పెట్టెలో పెట్టినట్టుంది.

"ఇంటన్నావేటి సెల్లీ?" అంది. "దిగినాయి. మా ఆయన నోరు మూసుకుని నూకలు తేడానికెల్లినాడు. మీ బావకి సెప్పు, ఈపాలి బాగా సేసినాడని. ఆ గుంట ఆయనదే కదేటి, అంతలావు ఏలు నీకెక్కడిది?"

అప్పుడు చెప్పాను. పిల్లలు అరుస్తూనే ఉన్నాయి.

"మరింక ఎవులితో దెబ్బలాడతావు సెల్లీ?" అంది.

షావుకారు మైకులో చెప్పిన మాటలన్నీ ఒకవైపు, ఆవిడ మాటొక్కటి ఒకవైపు. నా మాటని ఊరికే ఒప్పుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళవల్ల నా బోర్డు ఒక్కటి కూడా బాగుపడలేదు. రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, ఈ పని ఇలా ఎందుకు చేస్తున్నానో ఎవరికైనా గొంతు చించుకుని చెప్పాల్సిన అవసరం లేకపోవడం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుస్తోంది. ఫేన్ వేసుకుంటే ఎవరూ కట్టెయ్యరు. హాయిగా ఉండాలి కదా. లేదు. ఇదీ ఆయన వల్లనే.

ఇప్పుడు రెసిన్ కూడా నేనే పోస్తున్నాను. బుడగలు వస్తున్నాయి. ఆయన ధార నాకు రాలేదు. గుంట కోసం ఒక చెక్క మేకు చేయించవచ్చు, లేదా అచ్చులోనే బొడిపె పెట్టించవచ్చు. డిప్లొమా చదివినదాన్ని, నాకా మాత్రం తెలియక కాదు. చేయిస్తాను ఎప్పుడో. ప్రస్తుతానికి బొటనవేలికి ఆముదం రాసుకుని, రెసిన్ చిక్కబడే వేళకి సెన్సార్ మీద పెట్టి నొక్కి పట్టుకుంటున్నాను. సెగ చురుక్కుమంటుంది. ఆయన్ని తిట్టుకుంటూ పట్టుకుంటాను. నా వేలు సన్నం, ఒక్కసారి పెడితే గుంట చాలదు, పక్కన మళ్ళీ పెట్టాలి.

మొన్న కొట్టునుంచి అటే అక్కింటికి భోజనానికి వెళ్ళాను. అక్క అన్నం వడ్డిస్తోంది. కలుపుకుందామని చెయ్యి చాపాను. అక్క గరిటె అలాగే ఆగిపోయింది. నా బొటనవేలి కొసన నల్లగా ఎండిన రెసిన్ వైపు చూస్తోంది. కిరసనాయిలు గుడ్డ ఉందా అని అడిగాను, ఏదో ఒకటి అనాలని.

అక్క గరిటె పక్కన పెట్టి నా వేలు తన చేతిలోకి తీసుకుంది.

"పోదే అది" అంది. "ఆయనకీ పోనేదు."